మరమ్మతులో ధర్మసూక్ష్మం

ధనమిచ్చి కొన్న వస్తువుకు కొన్నవాడే యజమాని అన్న మాటను లోకం మారు ప్రశ్న లేకుండా అంగీకరిస్తుంది. వస్తువు సవ్యంగా పనిచేసినంత కాలం ఆ యాజమాన్యానికి అర్థమేమిటని ఎవరూ విచారించరు. అది ఒకనాడు ఆగిపోయినప్పుడు చిక్కు వస్తుంది. లోపల ఏమున్నదో ఎరుగనివాడు దానికి ఏ అర్థంలో యజమాని? ఎరుగకపోయినా విప్పి చూసే హక్కు అతనికి ఉన్నదా? విప్పి, తన తెలివి కొద్దీ బాగుచేసిన తరువాత ఆ పని వల్ల మరొకరికి కీడు కలిగితే దోషం ఎవరిది? ఒకప్పుడు న్యాయకోవిదులు తర్కించవలసిన ఈ ప్రశ్నలు నేడు సామాన్య గృహస్థుకు ఇంటి వెనుక గదిలో, తడి బట్టల గంప పక్కన ఎదురవుతున్నాయి.

ఉత్తర అమెరికా గృహాలలో బట్టలను వేడిగాలితో ఆరబెట్టే యంత్రం ఈ విచారణకు తగిన ఉదాహరణ. తెలుగునాట బట్టలారవేయడం ఎండా గాలీ చేసే పని. మనిషి చేయవలసినదల్లా దండెం కట్టడం, చినుకు పడగానే డాబా మీదికి పరుగెత్తడం. ఇక్కడి ఇళ్లలో రెండు తొట్ల వాషింగ్ మెషీనులోని రెండవ తొట్టిని ‘డ్రయ్యర్’ అని పిలవడం వాడుకలో ఉన్నది గాని, అది బట్టలను వేగంగా తిప్పి నీటిని విదిలిస్తుందే తప్ప వేడి చేయదు. అమెరికాలో సంగతి వేరు. అనేక ప్రాంతాలలో నెలల తరబడి మంచు కురుస్తుంది. అంతకుమించి, చాలా నివాస సముదాయాలు ఆరుబయట బట్టలు వేలాడదీయడాన్ని తమ నియమావళిలోనే నిషేధించాయి. ఎండలో బట్టలారవేసుకునే హక్కును కాపాడడానికి కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేయవలసి వచ్చిందంటే తెలుగు పాఠకునికి వింతగా తోచవచ్చు. ఆ దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ యంత్రం పొయ్యి వలె ఇంటిలో ఒక భాగమైపోయింది. అక్కడ మరమ్మతు పనివాడు గడప తొక్కినందుకే రుసుము చెల్లించవలసి ఉంటుంది. స్వదేశంలో స్క్రూడ్రైవరు పట్టి ఎరుగని చేతులు అక్కడ పట్టడం నేర్చుకోవడానికి అదొక ముఖ్య కారణం.

యంత్ర నిర్మాణం గహనమైనది కాదు. ఒక పెద్ద రేకు పీపా, దాని చుట్టూ తిరిగే సన్నని బెల్టు, ఆ బెల్టును లాగే మోటారు, గాలిని తోసే పంకా, గాలిని వేడిచేసే తీగచుట్ట. తడి బట్టల మీదుగా సాగిన వేడిగాలి వాటి తేమనూ, వాటి నుండి రాలిన నూగునూ మోసుకొని జల్లెడ గుండా వెళ్లి, నాలుగు అంగుళాల వ్యాసం గల గొట్టం ద్వారా ఇంటి బయటికి పోతుంది. విద్యుత్తుతో నడిచే రకానికి 240 వోల్టుల ప్రత్యేక సరఫరా ఉంటుంది. వేడి తీగకు ఆ మొత్తం కావాలి. మోటారుకు అందులో సగం, అంటే 120 వోల్టులు చాలు. అందువల్ల ఒక విచిత్రం జరుగుతుంది. సరఫరాలోని రెండు పాయలలో ఒకటి తెగినప్పుడు కూడా పీపా యథావిధిగా తిరుగుతూనే ఉండవచ్చు, బట్టలు మాత్రం ఆరవు. యంత్రం మీద చేయి వేయకముందే గోడలోని బ్రేకరును చూసి రమ్మని అనుభవజ్ఞులు చెప్పడం ఇందుకే.

వేడిని అదుపులో ఉంచడానికి యంత్రం లోపల కాపలా ఏర్పాట్లు ఉన్నాయి. వేడి తగినంత పెరగగానే తీగకు విద్యుత్తు ఆపి, చల్లబడగానే తిరిగి ఇచ్చేది థర్మోస్టాటు. అది విఫలమైనా, గాలి దారి మూసుకుపోయి వేడి హద్దు మీరినా ఆఖరి రక్షణగా నిలిచేది ఉష్ణ ఫ్యూజు. వేలెడంత కూడా లేని ఈ ముక్క చాలా నమూనాలలో సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వద్ద లోలోపల తెగిపోతుంది. ఒకసారి తెగితే మళ్లీ అతుక్కోదు. కొన్ని యంత్రాలలో అది తెగితే వేడి మాత్రమే ఆగుతుంది, మరికొన్నింటిలో యంత్రమే కదలదు.

జర్మన్ తత్త్వవేత్త మార్టిన్ హైడెగర్ 1927లో వెలువడిన తన ప్రధాన గ్రంథంలో పనిముట్టును గురించి ఒక సూక్ష్మమైన పరిశీలన చేశాడు. సుత్తి చేతిలో ఒదిగి పనిచేస్తున్నంతసేపు మనిషి దృష్టి సుత్తి మీద ఉండదు, చేస్తున్న పని మీద ఉంటుంది; అది విరిగినప్పుడే ఒక వస్తువుగా ఎదుట నిలుస్తుంది. ఆగిపోయిన డ్రయ్యరు ముందు గృహస్థుకు కలిగేది ఈ అనుభవమే. గాలి గొట్టం ఏ గోడలో నుండి ఎక్కడికి పోతున్నదో, జల్లెడను దులిపి ఎన్నాళ్లయిందో అతడు ఆనాడు మొదటిసారి ఆలోచిస్తాడు. హైడెగర్ చెప్పని సంగతి ఒకటున్నది: ఆ క్షణంలో వస్తువుతో పాటు యజమాని అశ్రద్ధ కూడా బయటపడుతుంది. సుత్తిని ఎవరూ దులపనక్కరలేదు. డ్రయ్యరుకు నిత్యసేవ కావాలి.

అసలు ధర్మసంకటం ఇక్కడ మొదలవుతుంది. గృహస్థు గోడ నుండి ప్లగ్గు పీకి, వెనుక రేకు విప్పి, మల్టీమీటరు కొసలను ఫ్యూజు రెండు చివరలకు ఆనించి చూస్తాడు. మీటరు పలకదు. దోషం దొరికిందన్న సంతోషం కలుగుతుంది. కొత్త ఫ్యూజు వెల స్వల్పమే, కాని అది తపాలాలో రావడానికి కొన్ని రోజులు పడుతుంది. గంపలో బట్టలు తడిగా ఉన్నాయి, పిల్లలు మరునాడు బడికి వెళ్లాలి. చిన్న తీగ ముక్కతో ఆ రెండు కొసలనూ కలిపివేస్తే యంత్రం తక్షణమే తిరుగుతుంది, వేడి కూడా వస్తుంది. చూసేవారికి అది బాగుపడినట్లే ఉంటుంది. ఇంటివారు మెచ్చుకుంటారు. చేసినవాడు తన చేతి నేర్పుకు మురిసిపోతాడు.

ఆ తీగ ముక్క తప్పని ఎవరైనా ఒప్పుకుంటారు. ఆలోచించవలసినది దాని తరువాతి మెట్టును గురించి. బుద్ధిమంతుడైన గృహస్థు తీగతో కలపడు. నాలుగు రోజులు ఓపిక పట్టి కొత్త ఫ్యూజు తెప్పించి, పాతదాని స్థానంలో బిగించి, పని ముగిసిందనుకుంటాడు. ఇది సక్రమమైన మరమ్మతు అని లోకం భావిస్తుంది. నిజానికి మొదటివాని తప్పుకు ఇది చాలా దగ్గరగా ఉన్నది. ఫ్యూజు తనంత తాను చెడిపోవడం అరుదు. అది తెగినదంటే లోపల ఎక్కడో వేడి హద్దు దాటినదన్న మాట. గోడ వరకు యంత్రాన్ని నెట్టినందువల్ల వెనుక గొట్టం నలిగి ఉండవచ్చు. ఏళ్ల తరబడి పేరుకున్న నూగు గొట్టం వంపులో గడ్డకట్టి ఉండవచ్చు. ఇంటి బయట గొట్టం మూతి దగ్గర పిచ్చుక గూడు పెట్టి ఉండవచ్చు. థర్మోస్టాటు అతుక్కుపోయి విద్యుత్తును ఆపడం మానివేసి ఉండవచ్చు. వీటిలో ఏదీ చూడకుండా కొత్త ఫ్యూజు బిగించినవాడు వార్త తెచ్చిన దూతను పంపివేసి మరొక దూతను నియమించాడే గాని వార్తను చదవలేదు.

తెలుగులో ‘నిదానం’ అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. వ్యవహారంలో అది తొందరపాటు లేకపోవడం. ‘నిదానమే ప్రధానం’ అన్న నానుడిలో ఉన్నది ఆ అర్థమే. ఆయుర్వేదంలో నిదానమంటే రోగ మూలాన్ని నిర్ణయించడం. మాధవనిదానమన్న సుప్రసిద్ధ గ్రంథం చికిత్స జోలికి పోకుండా వ్యాధి కారణాలకూ లక్షణాలకూ పరిమితమైనది; కారణమెరిగే విద్య దానంతట అది ఒక శాస్త్రమని పూర్వ వైద్యులు గుర్తించినందుకు అది సాక్ష్యం. ఒకే మాటలో ఈ రెండర్థాలు చేరడం భాషాచరిత్రలో యాదృచ్ఛికం కావచ్చు. యంత్రం ముందు కూర్చున్నవానికి మాత్రం అవి రెండూ ఒకటే. తొందర పడినవానికి ఫ్యూజు కనిపిస్తుంది. నిదానించినవాడు యంత్రాన్ని ముందుకు జరిపి, గొట్టం ఊడదీసి, దానిలోకి చేయి పెట్టి చూస్తాడు.

ఇదంతా ఒక చిన్న గృహకృత్యానికి మోయలేని బరువు అనిపించవచ్చు. అమెరికా అగ్నిమాపక పరిపాలన సంస్థ లెక్కలు ఆ అభిప్రాయాన్ని నిలవనీయవు. 2008 నుండి 2010 వరకు ఆ దేశపు నివాస భవనాలలో బట్టలారబెట్టే యంత్రాల వల్ల ఏటా సగటున సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయని, వాటిలో ఏటా ఐదుగురు మరణించగా నూరు మంది గాయపడ్డారని ఆ సంస్థ అంచనా వేసింది. ప్రమాద కారణాలలో ప్రథమ స్థానం, 34 శాతం, శుభ్రం చేయకపోవడానిదే. దూది నూగు ఎంత త్వరగా అంటుకుంటుందో దీపానికి వత్తి చేసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఇంటి గోడల మధ్య ఐదు వేల వాట్ల వేడి పుట్టించే యంత్రంలో, ఆ నూగు నడుమ, ఆఖరి రక్షణను తీసివేసినవాడు తన ఒక్కని ఆస్తితో ఆడుకోవడం లేదు. పై అంతస్తులో నిద్రించే పిల్లలు, ఉమ్మడి గోడకు ఆవల ఉన్న పొరుగువారు, మంటలు ఆర్పడానికి వచ్చే ఉద్యోగి, పదేళ్ల తరువాత ఆ ఇంటిని యంత్రంతో సహా కొనుక్కునే అపరిచితుడు, వీరెవరూ ఆ తీగ ముక్కను చూడలేదు, దానికి సమ్మతించనూ లేదు. వస్తువు నాది అన్న వాదం వారి వద్దకు వచ్చేసరికి చెల్లదు.

స్వయంకృషిని గురించి భారతీయ సందర్భంలో ఆలోచించేవారు గాంధీజీని తలచుకోక తప్పదు. యాదృచ్ఛికంగా ఆయన అనుభవం కూడా బట్టల విషయంలోనిదే. దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా ఉన్న రోజులలో చాకలి ఖర్చు పెరిగి, బట్టలు వేళకు అందకపోవడంతో ఆయన ఆ విద్యను గూర్చిన పుస్తకం ఒకటి కొని చదివి, తానే ఉతకడమూ ఇస్త్రీ చేయడమూ నేర్చుకున్నారు. తొలిసారి తాను గంజి పెట్టిన కాలరును ధరించి కోర్టుకు వెళితే, అధికమైన గంజి రాలి పడుతుండగా తోటి న్యాయవాదులు నవ్వారని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఆ నవ్వుకు ఆయన వెరవలేదు. ఆ కాలరు ఆయన మెడకే ఉన్నది. పొరపాటు ఫలితమూ ఆయనదే.

అదే అధ్యాయంలో మరొక సంఘటన ఉన్నది. 1912లో గోపాలకృష్ణ గోఖలే దక్షిణాఫ్రికాకు వచ్చినప్పుడు, మహాదేవ గోవింద రనడే తనకిచ్చిన ఉత్తరీయాన్ని జొహానెస్‌బర్గ్‌లోని విందుకు ధరించదలచారు. అది ముడతలు పడి ఉన్నది. చాకలి దుకాణానికి పంపే వ్యవధి లేదు. ఇస్త్రీ తాను చేస్తానని గాంధీజీ అన్నారు. న్యాయవాదిగా ఆయన సామర్థ్యం మీద నమ్మకమే గాని చాకలిగా నమ్మలేనని గోఖలే సందేహించారు. చివరకు గాంధీజీ పట్టుబట్టి ఇస్త్రీ చేసి మెప్పు పొందారు. చదివేవారు సాధారణంగా ఆ మెప్పును గుర్తుంచుకుంటారు. గోఖలే సందేహం అంతకంటె విలువైనది. సొంత కాలరు మీద ప్రయోగం చేసే స్వేచ్ఛ పరుల ఉత్తరీయం మీద లేదు. అక్కడికి నేర్పు సంపాదించిన తరువాతనే వెళ్లాలి, అదీ యజమాని అనుమతితో. ఇంటిలోని డ్రయ్యరు చూడడానికి సొంత కాలరు వలె కనిపిస్తుంది. దాని వేడి మాత్రం పరుల ఉత్తరీయాన్ని కూడా తాకుతుంది.

అట్లయితే ఎవరి పని వారికి విడిచిపెట్టడమే క్షేమం కాదా అని అడగవచ్చు. స్వధర్మాన్ని గూర్చిన గీతోపదేశాన్ని ఈ విధమైన వృత్తి విభజనకు సమర్థనగా వాడినవారు లేకపోలేదు. ఈ వాదంలో కొంత న్యాయం ఉన్నది. వందల యంత్రాలు విప్పిన పనివాని చెవికి బెల్టు కీచుమనే ధ్వనిలోనే ఏ చక్రం అరిగిందో తెలుస్తుంది. పుస్తకం చూసి విప్పినవానికి ఆ చెవి రాదు. అతని జీవనోపాధి కూడా తేలికగా తీసివేయదగినది కాదు. అయినా ఈ వాదాన్ని పూర్తిగా ఒప్పుకుంటే ఒక పాత జాడ్యం తిరిగి ప్రవేశిస్తుంది. చేతికి మసి అంటడం తక్కువతనమనీ, యంత్రం ఎరిగినవాడు పెరటి గుమ్మం వద్ద నిలబడవలసినవాడనీ భావించిన సమాజం మనుషులను ఎంతగా అవమానించిందో తెలుగు పాఠకులకు వివరించనవసరం లేదు. ఒకసారి తానే పీపా ఎత్తి, బెల్టు తొడగలేక రెండు గంటలు తంటాలు పడినవాడు ఆ తరువాత మెకానిక్ కూలి దగ్గర గీచి గీచి బేరమాడడు. స్వయంగా చేసే మరమ్మతు వల్ల మిగిలే డబ్బు కంటె ఈ మర్యాద పెద్ద లాభం.

బాధ్యత అంతా గృహస్థు మీద మోపడం కూడా అన్యాయమే అవుతుంది. తెలుసుకొని చేయమని అతనికి చెప్పేవారు, తెలుసుకునే దారి తెరిచి ఉన్నదా అని కూడా అడగాలి. ఈ యంత్రాలు అనేకంలో విద్యుత్ తీగల పటమూ, ప్రతి భాగం పరీక్షించే పద్ధతీ ముద్రించిన ఒక మడత కాగితం లోపలనే ఉంటుంది. ఒక్కొక్కప్పుడు ముందు రేకు వెనుక, ఒక్కొక్కప్పుడు మీటల పలక లోపల దాన్ని దాచి ఉంచుతారు. మరమ్మతు నిపుణుల ఉపయోగానికి మాత్రమే అని దాని మీద రాసి ఉండడం కద్దు. యజమాని కొన్న పెట్టెలోనే, అతని ఇంటిలోనే, అతడు చదవకూడని కాగితం! అజ్ఞానికి విద్యుత్తుతో ప్రమాదమన్న జాగ్రత్త దీనికి ఒక కారణం కావచ్చు. కాని అదే కాగితం అందుబాటులో లేనివాడే ఊహ మీద ఆధారపడి తీగ ముక్కను వెతుక్కుంటాడు.

తయారీదారు మౌనం ఎంత దూరం పోగలదో బ్రిటన్‌లోని ఒక ఉదంతం చూపింది. నూగు వేడి భాగాన్ని తాకి నిప్పంటుకునే నిర్మాణదోషం తన డ్రయ్యర్లలో ఉన్నదని 2015లో ఒక పెద్ద సంస్థ ప్రకటించింది. పక్కన మనిషి ఉన్నంతసేపు వాటిని వాడవచ్చునని మొదట సలహా ఇచ్చి, 2016లో లండన్‌లోని ఒక బహుళ అంతస్తుల భవనంలో అటువంటి యంత్రం నుండి మంటలు లేచిన తరువాత, 2017లో గాని ప్లగ్గు తీసివేయమని చెప్పలేదు. యంత్రాలను వెనక్కు తీసుకునే ప్రకటన 2019లో వచ్చింది. అటువంటి దోషాన్ని ఏ గృహస్థూ ఎంత శ్రద్ధగా జల్లెడ దులిపినా తొలగించలేడు. దానిని ఎరిగినవాడు చెప్పవలసిందే.

ఇటీవలి చట్టాలు ఈ వైపు అడుగులు వేశాయి. అమెరికాలో మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2023లో చేసిన చట్టాలు గృహోపకరణాల విడి భాగాలనూ, మరమ్మతు సమాచారాన్నీ యజమానులకు కూడా అందించాలన్నాయి. ఐరోపా సమాఖ్య 2024 జూన్‌లో ఆమోదించిన మరమ్మతు ఆదేశం పరిధిలో డ్రయ్యర్లు కూడా ఉన్నాయి. భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించింది; వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని దృష్టిలో ఉన్నాయి. అదే సంవత్సరం డిసెంబరులో ఒక సమాచార వేదికను కూడా ఆ శాఖ ప్రారంభించింది. ట్రాక్టరును చెట్టు కింద విప్పి బాగుచేసుకునే రైతులున్న దేశంలో ఈ విషయం విలాసం కాదు. అయితే చట్టం కాగితాన్ని చేతికి అందించగలదు. చదివే ఓపికను ఇవ్వలేదు.

ఆ ఓపికలో ఆగవలసిన చోటు ఎరగడం కూడా ఒక భాగం. విద్యుత్తుకు బదులు గ్యాసు మంటతో గాలిని వేడిచేసే డ్రయ్యర్లు అమెరికాలో చాలా ఉన్నాయి. వాటిలో బెల్టు మార్చడం ఒక ఎత్తు, గ్యాసు గొట్టపు బిగింపు విప్పడం మరొక ఎత్తు. బిగింపు సరిగా కూర్చున్నదో లేదో రూఢిగా చెప్పలేనివాడు దాని మీద చేయి వేయరాదు. గోడలోని ప్లగ్గు నల్లబడి కరిగి ఉంటే దోషం యంత్రాన్ని దాటి ఇంటి తీగలలోకి పోయిందని అర్థం. అప్పుడు స్క్రూడ్రైవరు కింద పెట్టి, లైసెన్సు గల ఎలక్ట్రీషియనును పిలవడమే మరమ్మతు. కొందరికి ఇది ఓటమిగా తోస్తుంది. విప్పిన యంత్రాన్ని అట్లాగే ఉంచి, పరాయివానికి ఫోను చేయడంలో పురుషకారానికి భంగమున్నదని వారి భావం. ఆ భావం వల్ల నష్టపోయేది వారొక్కరే అయితే వాదించనక్కర లేకపోను.

శ్రద్ధగలవారిలో ఒక మంచి అలవాటు ఉన్నది. గొట్టం శుభ్రం చేసి, థర్మోస్టాటు పరీక్షించి, కొత్త ఫ్యూజు బిగించి, రేకు మూసే ముందు వారు ఆ మడత కాగితం బయటికి తీస్తారు. దాని అంచున ఉన్న ఖాళీలో ఏ తేదీన ఏ భాగం మార్చినదీ, గొట్టంలో ఏమి దొరికినదీ రెండు పంక్తులు రాస్తారు. సంతకం ఉండదు. తరువాత ఆ రేకు విప్పేవాడు తామే కావచ్చు, కూలికి వచ్చిన మెకానిక్ కావచ్చు, ఇల్లు కొనుక్కున్న పరాయివాడు కావచ్చు. కాగితం మళ్లీ మడిచి, ఉన్నచోటనే పెట్టి, రేకు బిగిస్తారు.